పంతులుగారి శిష్యరికము

ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగిసి, వేపపూవు పచ్చడి చేదు నాలుకను వీడకమునుపే మన యిండ్లలో సంకల్పములు పుట్టుచుండును. ఒకరు తెల్లవారుజామున లేచెదమందురు. ఒకరు దినమునకు పది పుటలైన చదివెదమందురు. మరియొకరు పనివారిపై కోపపడుట మానెదమందురు. చైత్రము కడచి వైశాఖము వచ్చునప్పటికి ఆ సంకల్పములు అటకమీది పాత జాడీలవలె కదలక మెదలక పడియుండును. మేమును ఈ వ్రతము పట్టి విడిచినవారమే. ఒక యేడు సంస్కృతము నేర్చుకొందమని నాలుగు పుస్తకములు కొంటిమి. వాని యట్టలు నేటికిని క్రొత్తవిగానే యున్నవి.

తన్ను తాను బాగుచేసికొనుటెట్లు అను విషయముపై పడమటిదేశములవారు విరివిగా వ్రాసిరి. అమెరికావాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణముల నేర్పరచుకొని, చిన్న పుస్తకమున గళ్లు గీసి, వారమున కొక్క గుణమును ముఖ్యముగా కనిపెట్టుచు, తప్పిన దినమున గడిలో నల్లచుక్క పెట్టుకొనెను. 13 వారముల కొక చుట్టు. ఏటికి నాలుగు చుట్లు. 1859లో సామ్యూల్ స్మైల్స్ ప్రకటించిన ‘సెల్ఫ్ హెల్ప్’ అను గ్రంథము పెక్కు దేశములలో చదువుకొన్నవారి యిండ్ల జేరినది. ఇవి మంచి గ్రంథములు కావని మేమనము. కాని గళ్లపుస్తకము పట్టినవాడు ప్రతిసాయంకాలమును తన ముఖమునే తాను చూచుకొనును. మన యుత్తరాంధ్ర ప్రాంతపు చరిత్రలో వేరొక పద్ధతి కానవచ్చుచున్నది. ఆ పద్ధతి నవలంబించినవారు తమ ముఖమును చూచుకొనుట మాని, తమకు తెలియని వస్తువునెదుట పీట వేసికొని కూర్చుండిరి. వారిలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులుగా వారి నెల్లరు నెరుగుదురు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినముగా జరుపుకొనుచున్నారు. మేమిచట చెప్పబూనినది ఆ వాదము సంగతి కాదు. ఆయన నేర్చుకొన్న తీరు మాత్రమే.

ఆయన 1863లో శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు 1875లో గతించునప్పటికి కుమారునికి పండ్రెండేండ్లు. విశాఖపట్టణమున మేనమామగారి యండను జేరి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్ష యందు నెగ్గిరి. ఆ పాఠశాలలో వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఇరువురు బాలురొక్క బల్లమీద కూర్చుండి చదివిరో లేదో గాని, తరువాత నలువదియేండ్లు తెలుగుభాష ఆ యిరువురి స్నేహమునకు ఋణపడినది.

ఇల్లు గడువవలెను గనుక రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్నతరగతికి చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి. అప్పటికి వారికి పదునేడేండ్లయినను నిండలేదు. ఉద్యోగము దొరకిన పిదప చదువు ముగిసినదనుకొనుట లోకసామాన్యము. ఆయన బడిపని చేయుచునే సొంతముగ చదువుకొని 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, 1896లో చరిత్ర ముఖ్యపాఠ్యముగా బి.ఏ. పరీక్షయు ఇచ్చిరి. నడుమ పదియేండ్లు! నేటి మన పిల్లలు పరీక్ష ఒక్కమారు తప్పిన జన్మమే వ్యర్థమని యేడ్చుచుందురు. సంసారమును బడిని ఈడ్చుకొనుచు చదువు మనుష్యుని నడక అంతే వేగముగా సాగును. అది నిలిచిపోకుండుటయే లెక్క.

చరిత్ర చెప్పు మేష్టరునకు పుస్తకమందలి రాజుల పేరులు పిల్లలచే వల్లెవేయించిన చాలును. జీతమునకు లోటు రాదు. అయితే పర్లాకిమిడికి చేరువనే, వంశధార యొడ్డున, ముఖలింగక్షేత్ర మున్నది. అచటి మధుకేశ్వరాలయ స్తంభములనిండ కళింగమును ఏలిన గాంగరాజులనాటి శాసనములు చెక్కియున్నవి. మేమొకమారు ఆ క్షేత్రమునకు పోయినపుడు ఆ యక్షరములను వ్రేలితో తడవి చూచితిమి. ఒక్క ‘శ్రీ’ తప్ప మరేమియు అంతుపట్టలేదు. మావంటివారు నమస్కరించి వచ్చెదరు. పంతులుగారు మాత్రము, తాము చెప్పుచున్న చరిత్ర తమ బడికి చేరువనే రాతిమీద వ్రాసియుండగా తమకు చదువరాకుండుట యేమని సిగ్గుపడిరి కాబోలు. గురువు లేకయే ప్రాచీనలిపులను కూడబలుక్కొని నేర్చుకొనిరి. నరసన్నపేట ప్రాంతమందలి నడగాములో దొరకిన వజ్రహస్తుని తామ్రశాసనమును (అది శకవర్షము 979, అనగా క్రీస్తుశకము 1057 నాటిది) పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటమున ప్రకటించిరి. ఆ పత్రికలో వ్రాయువారు మహాపండితులు, ప్రభుత్వ శాసనపరిశోధకులు. వారి నడుమ పర్లాకిమిడి బడి పంతులు!

ఇందులో మాకు నచ్చినది ఆ శాసనముకంటె ఆయన దారి. ఆయన కాశికి పోలేదు, కలకత్తాకు పోలేదు. దినదినము చేయుచున్న పనిలో తెలియని చోటు ఎచట నున్నదో చూచి అచటనే త్రవ్విరి. సంకల్పము జీవనమునకు దూరమైనకొలది అది అటకెక్కును. మా సంస్కృతపు పుస్తకముల కథ అదియే. వానిని తెరువవలసిన యవసరము మా దినచర్యలో ఎచటను తగులలేదు.

ఇక అసలు కథకు వత్తము. పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలపై సవరలుందురు. సంతదినములలో వారు చింతపండు, తేనె, కందులు మోసికొని క్రిందికి దిగుదురు. పట్టణవాసులకు వారి మాట రాదు. వారికి పట్టణపు లెక్క తెలియదు. ఆ నడుమ లాభపడువారు వర్తకులు. సవరలకు చదువు చెప్పవలెనని పంతులుగారి కోరిక. ఆ కాలమున సంఘసంస్కర్తల కెల్లరకును ఇట్టి కోరికలుండెను. పామరుల నుద్ధరింపవలెనని సభలలో తీర్మానములు చేసి, చప్పట్లు కొట్టి, ఇండ్లకు పోయెడువారు. పంతులుగారికి మొదటనే ఒక చిక్కు తోచినది: వారికి చెప్పవలెనన్న ముందు వారియొద్ద నేర్చుకొనవలెను.

సవర తెలుగునకు గాని సంస్కృతమునకు గాని చుట్టము కాదు. అది ముండా భాషలలోనిది. దాని దూరపు బంధువులు ఖాసీకొండలలోను, కాంభోజదేశమునను ఉన్నవి. తెలుగువాడు తన పాండిత్యమంతయు మూటగట్టుకొని పోయినను అచట చెల్లదు. గొంతులోనే తటాలున ఆగిపోవు ధ్వని యొకటి ఆ భాషలో తరచుగా వినవచ్చును. దానిని వ్రాయుటకు మన యక్షరమాలలో గురుతు లేదు. లెక్కయు వేరు. పండ్రెండువరకు పేరులు చెప్పి, పదుమూడనుటకు ‘పండ్రెండు, ఒకటి’ అనవలెను. ఇరువది వచ్చిన పిమ్మట ఇరువదులతో లెక్క సాగును. ముప్పదిరెండనగా ఇరువదియు పండ్రెండును. మన చిన్నవాడు వ్రేళ్లు మడిచి నేర్చిన పదులలెక్కనే మరచిపోవలసిన విద్య యిది. బి.ఏ. చదివిన మేష్టరు మరల బొట్టుపెట్టుకొని పలక పట్టవలసివచ్చెను.

ఆయన చేసిన పని యేమనగా, తెలుగును సవరయు రెండును మాటలాడగల ఒక మనుష్యుని తమ యింటనే యుంచుకొని, ఆతనియొద్ద పాఠము ప్రారంభించిరి. ఈ వాక్యమును మనము సులభముగ చదివివేయుచున్నాము. పందొమ్మిదవ శతాబ్దిలో, ఒక బ్రాహ్మణ గృహమున, బడిపంతులు గురుస్థానమున కూర్చుండబెట్టినది ఎవరిని? ఊరివారు కొండవాడని పేరైన అడుగని మనుష్యుని. ఆయన చెప్పినమాట పంతులుగారు పలుకుదురు. పంతులుగారి పలుకు తప్పినచో ఆయన దిద్దును. దిద్దించుకొనువారి చెవులు ఎర్రబారకుండ ఎన్నినాళ్లు పట్టినదో! మన గృహములలో పెద్దవారు చిన్నవారిచేత, మగవారు ఆడువారిచేత, యజమానులు పనివారిచేత ఒక్కమాటైన దిద్దించుకొనుట కిష్టపడుదురా? తన్ను తాను బాగుచేసికొందమనువాడు తన్ను దిద్దగలవానిని ఇంట పెట్టుకొన్నాడా లేదా అన్న ప్రశ్న మా మనస్సున మెదలుచున్నది. అలవాట్లు, వేళలు, గళ్లపుస్తకములు దాని వెనుక వచ్చును.

ఇచట మరియొకమాట చెప్పక తప్పదు. గురువు ఇంట నున్నచో ఆయనకు అన్నము పెట్టవలెను. వంటయింటి పని యెవరిది? ఈ శిష్యరికపు ఖర్చులో సగము ఆ యింటి యిల్లాలు చెల్లించినది. చరిత్రకారులు పుస్తకములను లెక్కించిరి గాని ఆ విస్తళ్లను లెక్కింపలేదు.

పని యేండ్లతరబడి సాగినది. వినిన మాటను వినినట్లు వ్రాసికొనుట, మరునాడు దానినే మరల అడిగి సరిచూచుకొనుట, వాక్యములు, పాటలు, కథలు కూర్చుట. ధ్వనిశాస్త్రమును గ్రంథములమూలమున నేర్చుకొని, తెలుగులిపికి లొంగని ధ్వనులకు ఆ శాస్త్రజ్ఞులు వాడు గురుతుల నవలంబించిరి. సవరభాషలో వాచకములు వ్రాసిరి. సొంతధనముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. 1913లో ప్రభుత్వమువారు రావుసాహెబు బిరుదమిచ్చిరి. బిరుదము వచ్చెను గదా యని పని నిలుపలేదు. సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లోను, ఇంగ్లీషు సవర నిఘంటువు 1933లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసులో అచ్చుపడినవి. కడపటిది వెలువడునప్పటికి వారికి 75 ఏండ్లు.

ఈ మధ్యకాలమున ఒక కఠినమైన సంగతి జరిగినది. సవరకొండలలో మలేరియా చలిజ్వరము మెండు. ఆయన ఆ జ్వరమున పడి, క్వయినా మందు విశేషముగా పుచ్చుకొనుటచేత వినికిడి చెడినది. మాటలు విని వ్రాయుటయే వృత్తిగా గలవానికి చెవులు పోయినవి! మేమైనచో ఆ దినముననే కాగితములు కట్టగట్టి అటకెక్కించెడివారము. ఆయనకు వినికిడి యున్ననాడు వ్రాసిపెట్టుకొన్న కాగితములు తోడైనవి; కుమారులు సీతాపతిగారు అదే పరిశ్రమలో దిగి తోడైరి. నేర్చినది నేర్చినట్లు వ్రాసియుంచు అలవాటు ఆపదలో ఎట్లు అక్కరకు వచ్చునో దీనివలన తెలియుచున్నది. జ్ఞాపకశక్తిని నమ్మినవాడు ఆనాటితో సున్న యగును.

1907లో ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల తనిఖీదారుగా యేట్సుదొర వచ్చెను. పుస్తకములలోని తెలుగు జనులు మాటలాడు తెలుగునకు ఇంత దూరముగా నుండుటకు కారణమేమని ఆయన అడిగిన ప్రశ్న పంతులుగారిని కదల్చినది. సవరలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని యిన్నేండ్లు పాటుపడినవారు తెలుగుపిల్లలకు మాత్రము తెలుగు కాని తెలుగులో చెప్పుచున్నామా యని తమ్ము తాము ప్రశ్నించుకొనిరి. అప్పటికి వయస్సు 44. ఆ వయస్సున అభిప్రాయము మార్చుకొనుట గొప్ప. మార్చుకొన్న తరువాత నోరు మూసికొని పూర్వగ్రంథము లన్నియు మరల మొదటినుండి చదువుట మరింత గొప్ప. ప్రాచీనవచనములలో వాడుకమాట లెచటెచట గలవో ఏరి ‘గద్యచింతామణి’ కూర్చిరి. గ్రాంథికమే వ్రాయవలెనను పండితులు ఆ గ్రాంథికమును తప్పులు లేక వ్రాయజాలకున్నారని ఉదాహరణములతో ‘బాలకవి శరణ్యము’న చూపిరి. మేమీ వ్యాసమును గ్రాంథికముననే నడపుచున్నాము. పంతులుగారు చూచినచో ఇందలి సంధుల తప్పులను వరుసగా గీతలు గీసి మాకంపియుందురు. అలవాటు మానుట యెంత కష్టమో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వేరే యేల?

ఆయన దోషరహితులని మేమనజాలము. వాదమున మాట కరకు. పండితులను దిద్దుటలో చూపిన తీక్ష్ణతవలన మిత్రులు కావలసినవారు కొందరు దూరమైరి. కొండవాని యెదుట శిష్యుడైన మనుష్యుడు పండితుల యెదుట ఆ యోర్పును నిలుపుకొనలేకపోయెను. ఒకచోట అబ్బిన గుణము వేరొకచోట తనంతట రాదు గదా.

అపజయమును కలిగినది. పాఠశాలలలోను కళాశాలలలోను వ్యాసరచనకు ఏ తెలుగు వాడవలెనను తగవు మద్రాసు విశ్వవిద్యాలయము వరకు పోయినది. 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రమును వ్రాసి సమర్పించిరి, పాతవాదమే నెగ్గినది. 1915 నవంబరు 30న గురజాడవారు విజయనగరమున కన్నుమూసిరి. ఆ మిత్రుని రచనాపద్ధతియు ఇచట తలపదగినదే. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి మెప్పు పొందినది, 1897లో అచ్చైనది. మెప్పు పొందిన నాటకమును ఎవరైన ముట్టుకొందురా? ఆయన దానిని విప్పి, మధురవాణి పాత్రను పెంచి, సంభాషణములను మార్చి, 1909లో దాదాపు క్రొత్తనాటకముగా వెలువరించిరి. నేడు మనము చదువుచు నవ్వుచు కన్నీరు పెట్టుకొనుచున్నది ఆ రెండవ కూర్పునే. మొదటి కూర్పుతో తృప్తిపడియున్నచో నేటి మధురవాణి మనకు లేదు.

మిత్రుడు పోయెను, వాదము ఓడిపోయెను. పంతులుగారు ఊరూర తిరిగి ఉపన్యసించిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది. పంతులుగారు కార్యదర్శులు. అధ్యక్షులెవరు? కందుకూరి వీరేశలింగము పంతులుగారు! జీవితమంతయు గ్రాంథికవచనమునకు మార్గదర్శకులై, వేలకొలది పుటలు ఆ భాషలో వ్రాసినవారు డెబ్బదియేండ్ల వయస్సున ఆ పీఠమున కూర్చుండిరి. ఆ మేనెలలోనే వారు దివంగతులైరి. తాము కట్టిన యింటికి తామే గోడ కూల్చి ద్వారము తీయుట అందరివలన కాదు.

ఆ 1919లోనే విజయనగరమున సంగీతకళాశాల స్థాపింపబడగా, ద్వారము వేంకటస్వామినాయుడుగారు అచట విద్యార్థిగా చేరుటకు వచ్చిరి. వయస్సు ఇరువదియారు. చూపు మందగించుటచేత బడిచదువు ముందే ఆగినది; అన్నగారియొద్ద ఫిడేలు నేర్చి అప్పటికే పేరు గడించిరి. అట్టివారు విద్యార్థిగా చేర్చుకొనుడని అడుగవచ్చిరి. అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు వాద్యము విని, ఈతడు నేర్వవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని ఆచార్యపదవినే యిప్పించిరి. ఈ కథ చెప్పువారందరు దాసుగారి గుణగ్రహణమును పొగడుదురు. అది న్యాయమే. మాకు మాత్రము విద్యార్థిగా దరఖాస్తు పెట్టిన ఆ చేయి కంటికి కట్టినట్లుండును.

తిరిగి పర్లాకిమిడికి పోవుదము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము అందు చేరినది. దానిని ప్రతిఘటించిన తెలుగువారికి పంతులుగారు నాయకులు. రాష్ట్రారంభమునకు ఒకదినము ముందుగా, యాబదియారేండ్లు బ్రతికిన యూరు విడిచి, మహేంద్రతనయ దాటి, రాజమహేంద్రవరమున కుమారునియొద్దకు చేరిరి. వయస్సు 72. నిఘంటువు పని ఇంకను ముగియలేదు.

ఆ సంవత్సరముననే కొండలలో వేరొక పని జరిగినది. సవరవాడైన మంగేయ్ గొమాంగో తనభాషకు తానే లిపి కల్పించెను. సొరాంగ్ సొంపెంగ్ అను ఆ లిపి 2012లో యూనికోడు అక్షరసంపుటమునకును ఎక్కినది. పంతులుగారు సవరలకై తెలుగక్షరములతో వాచకములు వ్రాసియుండిరి. సవరలు తమ యక్షరములను తామే చేసికొనిరి. ఆంధ్రదేశమున సీతంపేట ప్రాంతపు బడులలో సవరపిల్లలకు తల్లిభాషలో వాచకములు మరల వచ్చుట ఇరువదియొకటవ శతాబ్ది తొలియేండ్లలో గాని జరుగలేదు. అనగా పంతులుగారి బడుల తరువాత దాదాపు నూరేండ్లకు.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను కలిసికొని, జనుల భాషలో వ్రాయుడని పంతులుగారు కడపటి విన్నపము చేసిరి. ఏడుదినములకు, 22వ తేదీన, పరమపదించిరి.